చెన్నపురి విపణుల గతి

దేవాలయము శిథిలమైనచో దానికై విచారించువారు గలరు. రాజప్రాసాదము కూలినచో చరిత్రకారులు గ్రంథములు వ్రాయుదురు. కాని యొక నగరమునందు రెండు మూడు తరములవారు నిత్యము త్రొక్కిన యంగడి గతించినచో, దానిని గూర్చి నాలుగు మాటలు పలుకువారు కానరారు. ప్రజలు తమ జీవితములో దేవాలయమునకు పోయిన దినములకంటె అంగడికి పోయిన దినములే యధికమను సంగతి ఎల్లరకును తెలిసినదే. అయినను విపణిని చరిత్రలోని వస్తువుగా పరిగణించు నలవాటు మనకు లేదు. అది వర్తకుల వ్యవహారమని త్రోసివేయుదుము. చెన్నపురియందు గడచిన నలువది సంవత్సరములలో కొన్ని గొప్ప విపణులు నశించినవి, కొన్ని రూపు మార్చుకొన్నవి, కొన్ని జీవచ్ఛవములై నిలిచియున్నవి. వాని కథను నేడు ప్రస్తావింపదలచితిమి.

ఆంధ్రులకు చెన్నపురితో గల సంబంధము 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీతో తెగిపోయినదని కొందఱు తలంతురు. ఆనాడు తెగినది పరిపాలనా సంబంధము మాత్రమే. సర్కారు జిల్లాలనుండి రైలెక్కి సెంట్రలు స్టేషనులో దిగినవాడు, ముందుగా చూచినది హైకోర్టును కాదు, సముద్రమును కాదు. స్టేషను ప్రక్కనే ఎఱ్ఱని యిటుకలతో నిలిచియుండిన మూరు మార్కెట్టును. కావున ఈ కథ పొరుగువారి కథగా మాకు తోచలేదు.

మూరు మార్కెట్టు పుట్టుక పురపాలక సంఘమువారి పూనిక వలన కలిగినది. అంతకుముందు నగరవాసులకు బ్రాడ్వేయందలి పాత విపణి యుండెడిది. అది ఇఱుకై, మురికికూపమై, ప్రజారోగ్యమునకు హానికరమై యుండుటచే, పురపాలక సంఘాధ్యక్షుడగు సర్ జార్జి మూరు అను నాతడు 1898లో నూతన విపణికి శంకుస్థాపన మొనర్చెను. 1900వ సంవత్సరము నవంబరులో నాటి గవర్నరు సర్ ఆర్థరు హావెలాకు దానిని ప్రారంభించెను. నడుమ విశాలమైన ఆవరణము, చుట్టును కమానుల వసారాలు, మూలల బురుజులు, గాలియు వెలుతురును సమృద్ధిగా వచ్చునట్టి కట్టడము. పరప్రభుత్వమువారు కట్టినదే యైనను అది మంచి కట్టడమని చెప్పుటకు మేము సంకోచింపము. మఱియు నొక విశేషము గమనింపదగినది. అది ప్రజలు చెల్లించు పన్నులతో, ప్రజల సంఘము కట్టినది. దానిపై లాభమార్జించుట ముఖ్యోద్దేశము కాదు. నగరమునకు శుభ్రమైన అంగడి నొసగుటయే యుద్దేశము.

అచ్చట దొరకని వస్తువు లేదనువారు. మాంసము, ఫలములు, పూలు, పక్షులు, పెంపుడు జంతువులు, గ్రామఫోను పలకలు, గడియారములు, పాత సామానులు, నాణెములు, అన్నిటికంటె ముఖ్యముగా పాతపుస్తకములు. న్యాయశాస్త్రము చదువు విద్యార్థి, క్రొత్తగ్రంథమునకు వెల పెట్టలేక మూరు మార్కెట్టునకు పోయి, తనకు ముందు మువ్వురు విద్యార్థులు గీతలు గీచి విడిచిన ప్రతిని కొనితెచ్చుకొనెడివాడు. నిఘంటువులు, వైద్యగ్రంథములు, అచ్చు ఆగిపోయిన తెలుగు కావ్యములు, ఎన్నడో నిలిచిపోయిన పత్రికల సంచికలు కుప్పలుగా పడియుండెడివి. వావిళ్లవారి ప్రెస్సులో అచ్చుపడిన గ్రంథము చేతులు మారి, తీగలు మారి, అట్ట ఊడి తుదకు చేరునది అచ్చటికే. బేరమాడుట రానివాడు నష్టపోయెడివాడు, నిజమే. కొన్ని వస్తువులు ఏ యింటినుండి ఏ మార్గమున వచ్చినవో అడుగకుండుట మేలనుటయు నిజమే. ఆ విపణి పుణ్యక్షేత్రమని మేమనుట లేదు. కాని కాసులేని విద్యార్థియు, మోటారులో దిగిన ధనికుడును ఒకే కుప్పయెదుట వంగి నిలిచి పుస్తకము వెదకిన స్థలములు నగరమునందెన్ని గలవు?

సెంట్రలు స్టేషను విస్తరింపబడవలసిన యవసరము కలిగినది. రైల్వేవారికి స్థలము కావలసివచ్చినది. అంగడివారు కదలుటకు సమ్మతింపలేదు. వాదోపవాదములు సాగుచుండగనే 1985వ సంవత్సరము మే 30వ తేదీన మూరు మార్కెట్టు అగ్నికి ఆహుతియయ్యెను. ఆ నిప్పు ఎట్లు పుట్టినదను విషయమై నగరమున నాటినుండి నేటివఱకు వదంతులు వినవచ్చుచునేయున్నవి. వదంతులను ప్రమాణముగా గొని వ్రాయుట పత్రికాధర్మము కాదు. మాకు నిశ్చయముగా తెలిసినది ఇంతమాత్రమే: కాలిన కట్టడమును బాగుచేయ దలంపలేదు, దానిని తొలగించి ఆ స్థలమున సబర్బను రైళ్ల స్టేషనును నిర్మించిరి. వర్తకులను సమీపమునందలి అల్లికుళము కట్టడమునకు పంపిరి. అచ్చట పుస్తకముల కొట్లు కొన్ని బ్రతికినవి గాని, విపణి బ్రతుకలేదు. స్థలము మారిన చెట్టు కొన్ని ఆకులు తొడుగవచ్చును, నీడ నీయజాలదు. ఆ సంవత్సరమే ప్రక్కనుండిన జంతుశాలయు వండలూరునకు తరలిపోయినది. 1855లో బాల్ఫోరు అను వైద్యుడు ప్రారంభించిన ఆ జంతుశాలను, దానిని ఆనుకొనియున్న యంగడిని ఒకేసారి చూచి ఇంటికి పోయి పిల్లలకు కథలు చెప్పిన తెలుగుపల్లెల వారెందఱో గలరు.

నేడు ఆ రైలు స్టేషను పేరు మూరు మార్కెట్టు కాంప్లెక్సు. మార్కెట్టు లేదు, పేరు మాత్రము ప్రయాణికుల చీటీలపై మిగిలినది. స్టేషను ఆవరణములో పాతకట్టడమునకు చిన్న నమూనా నొకదానిని కట్టి నిలిపిరి. వాహనములు నిలుచు తావున బొమ్మరిల్లువలె నున్న యా నమూనాను చూచి ఇది ఏమని అడుగువారు అరుదు. రైలు ప్రయాణికుల సౌకర్యము ప్రజాప్రయోజనము కాదని మేమనజాలము. నిత్యము వేలకొలది కూలిజనము, గుమస్తాలు, విద్యార్థులు ఆ స్టేషనువలన లాభము పొందుచున్నారు. ఒక ప్రజాప్రయోజనము మఱియొక ప్రజాప్రయోజనమునకు చోటిచ్చినదని తృప్తిపడవచ్చును. అయితే చోటిచ్చునట్టి పద్ధతి చర్చవలన నిశ్చయింపబడవలయును గాని, బూడిదవలన కాదు.

ఇక మౌంటురోడ్డునందలి స్పెన్సరు కథ వేఱు. 1863 ప్రాంతమున చార్లెసు డ్యూరెంటు, జాన్ విలియం స్పెన్సరు అను నిరువురు తెల్లదొరలు చిన్న కొట్టు పెట్టిరి. పిమ్మట యూజీను ఓక్షాటు అను నాతడు దానిని గొని, 1895లో అదే మార్గమున మహాభవనమును నిర్మించెను. పోగ్సను అను శిల్పి దాని రూపకర్త. విదేశములనుండి వచ్చు మద్యములు, బిస్కత్తులు, బట్టలు, తుపాకులు, దిండిగల్లు పొగాకుతో చుట్టిన చుట్టలు అచ్చట అమ్మబడెడివి. రైలు స్టేషనులలోని భోజనశాలలును, కన్నెమరా హోటలును స్పెన్సరు కంపెనీవారి యాజమాన్యముననే నడచెడివి. ఒక్కమాటలో చెప్పవలెనన్న, ఈ దేశములో నున్న యాంగ్లేయుడు ఇంగ్లండులో నున్నట్లే భుజించి, త్రాగి, ధరించుటకు ఏర్పడిన అంగడి యది. భారతీయునకు తలుపు మూయబడియుండకపోయినను, వెల యను తాళము దానికి బిగింపబడియుండెను. విదేశవస్త్ర బహిష్కారము దేశమంతట వ్యాపించిన దినములలో, ఇట్టి భవనములను స్వదేశాభిమానులు ఏ దృష్టితో చూచిరో మా పాఠకులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

స్వరాజ్యము వచ్చినది. దొరలు పోయిరి. కంపెనీ భారతీయుల హస్తగతమయ్యెను. 1983లో ఆ పాతభవనమును అగ్ని దహించెను. మూరు మార్కెట్టు కాలుటకు రెండేండ్లకు ముందే యన్నమాట. స్పెన్సరు భవనము కాలిన తావున 1990వ దశాబ్దములో లేచినదే స్పెన్సరు ప్లాజా. మాలు అను మాట మన భాషలలో నింకను స్థిరపడక పూర్వమే చెన్నపురివాసులకు ఆ వస్తువును చూపినది అది. చల్లని గాలి యంత్రములు, మెట్టుమెట్టుగా కదలు సోపానములు, మధ్యలో బావివలె దిగు శూన్యస్థలము, దాని చుట్టును అంతస్తులుగా కొట్లు. ఒకటవ భాగము, రెండవ భాగము, మూడవ భాగము అని విడతలు విడతలుగా పెరిగిన యా కట్టడములో దారి తప్పనివారు లేరు. ఏప్రిలు, మే మాసములలో మౌంటురోడ్డున నడచుచున్నవాడు ఏమియు కొనకపోయినను లోపలికి పోయి చెమట ఆర్చుకొనెడివాడు. కాశ్మీరు శాలువల వర్తకులు, పాటల క్యాసెట్లవారు, పుస్తకములవారు, బట్టలు కుట్టువారు అందఱును అందు చోటు సంపాదించిరి. దొరల యంగడి తావున మధ్యతరగతి ప్రజల యంగడి వెలసినదని సంతసింపదగిన కాలము కొన్నాళ్లు నడచినది.

ఆ కాలము దీర్ఘముగా నుండలేదు. నేడు స్పెన్సరు ప్లాజాలో తిరిగినచో, మూసిన ఇనుపతలుపులు వరుసగా కనబడును. కొన్ని భాగములలో కార్యాలయము లేర్పడినవి. కొన్ని కొట్లు ఓర్పుతో నడచుచున్నవి. పూర్వపు జనసమ్మర్దము లేదు. దీనికి హేతువేమి? క్రొత్త మాళ్లు వచ్చినవని సామాన్యముగా చెప్పుదురు. అది నిజమే గాని సగము నిజము. స్పెన్సరు ప్లాజా కొట్లను నిర్మాతలు వేర్వేఱు వ్యక్తులకు అమ్మివేసిరి. అమ్మినవారికి తమ ద్రవ్యము తమకు చేరినది. కొన్నవారు వందలకొలది. ఒకడు తన కొట్టును అద్దెకిచ్చును, ఒకడు మూసియుంచి వెల పెరుగునని యెదురుచూచును, ఒకడు పరదేశమున నుండును. కప్పు కారినచో ఎవరు బాగుచేయవలయును? ఏ అంతస్తున ఏ వర్తకము లుండవలయునో ఎవరు నిర్ణయింపవలయును? ఉమ్మడి కుటుంబమునకు కర్త లేనిచో ఇల్లు ఏమగునో ఆ కట్టడమున కదియే యయ్యెను.

తరువాత వచ్చినవారు ఈ పాఠమును చక్కగా నేర్చుకొనిరి. వారు కొట్లను అమ్మరు. అద్దెకు మాత్రమే యిత్తురు. జనమును ఆకర్షించు పెద్ద దుకాణములు రెండు మూడింటిని మూలస్తంభములుగా నిలుపుదురు, పై యంతస్తున సినిమాశాలలను, భోజనశాలలను పెట్టుదురు, క్రింద మోటారులకు చోటు కల్పింతురు. స్పెన్సరు ప్లాజాకు సినిమాశాల లేదు. పోటీలో ఇది చిన్నలోపము కాదు. దానికి తోడు, ఇంటికే సరకులు పంపు వర్తకము పెరిగినది. 2020లో మహమ్మారి వచ్చినప్పుడు మాసములకొలది తలుపులు మూతబడినవి. బలహీనుడైన రోగికి ఆఖరు జ్వరము చాలును.

క్రొత్త మాళ్లు ఎచ్చట లేచినవో పరిశీలించినచో మనకొక విచిత్రము గోచరించును. 2010లో రాయపేట సమీపమున ప్రారంభమైన ఎక్స్‌ప్రెస్ అవెన్యూ ఏ భూమిపై నున్నది? స్వాతంత్ర్యమునకు పూర్వము భారతీయుని సభ్యునిగా చేర్చుకొనని మద్రాసు క్లబ్బు అచ్చట నుండెడిది. పిమ్మట ఆ యెస్టేటు రామనాథ గోయెంకాగారి ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రికాసంస్థకు స్థానమయ్యెను. ఆంధ్రప్రభ 1938లో చెన్నపురియందు పుట్టినది ఆ సంస్థవారి చేతులమీదుగనే. దొరల క్లబ్బు పత్రికలవారి స్థలమగుట చరిత్రకు ముచ్చటైన మలుపు. పత్రికల స్థలము అంగడి యగుట ఎట్టి మలుపో పాఠకులే నిర్ణయింతురుగాక; పత్రికావృత్తిలో నున్న మేము ఈ విషయమున నిష్పక్షపాతులమని చెప్పుకొనజాలము.

వడపళనికి పోవుదము. అచ్చట వాహినీ స్టూడియో 1948లో ఏర్పడినది. పిదప అది నాగిరెడ్డి చక్రపాణిగారల విజయా సంస్థ చేతికి వచ్చి విజయ వాహినియై, ఆసియాఖండమున మిక్కిలి పెద్దవియగు స్టూడియోలలో నొకటిగా ప్రఖ్యాతి గాంచినది. పాతాళభైరవి 1951లోను, మాయాబజారు 1957లోను వెలువడినవి ఆ సంస్థ నుండియే. చందమామయు ఆ కుటుంబము చేతనే 1947లో స్థాపింపబడినది. తెలుగుబాలురు చదువుకొన్న కథలు, తెలుగుపెద్దలు చూచిన చిత్రములు ఆ వడపళనిలోనే రూపుదిద్దుకొన్నవన్న అతిశయోక్తి కానేరదు. చిత్రపరిశ్రమ క్రమముగా హైదరాబాదునకు తరలిపోయినది. పెద్ద స్టూడియోలకు పని తగ్గినది. భూమి వెల మాత్రము తగ్గలేదు. 2013లో ఆ భూమిపై విజయా మాలు తెఱవబడెను. ఘటోత్కచుని మాయ తెరమీద మూడు గంటలలో ముగిసి ప్రేక్షకుని ఇంటికి పంపెడిది. ఈ మాయాబజారు ప్రతిదినము ఉదయమున తెఱచుకొని రాత్రివఱకు నడచుచున్నది.

ఈ మాలు మొదట ఫోరం విజయా అని పిలువబడెను. 2021లో ప్రెస్టీజి సంస్థవారి మాళ్లనేకము అమ్ముడుపోయినప్పుడు ఇదియు చేతులు మారినది. నేడు నెక్సస్ విజయా యను పేరు వహించుచున్నది. నెక్ససును నెలకొల్పి పెంచినది అమెరికా దేశపు ధననిక్షేప సంస్థయగు బ్లాక్‌స్టోను. 2023లో ఆ మాళ్లన్నిటిని కలిపి ఒక ట్రస్టుగా చేసి, దాని భాగములను మన షేరుమార్కెట్టులో అమ్మకమునకు పెట్టిరి. చూడుడు, కథ ఎచ్చట ప్రారంభమై ఎచ్చటికి వచ్చినదో! మూరు మార్కెట్టు యజమాని పురపాలక సంఘము. దాని అధ్యక్షుని వీథిలో నిలిపి ప్రశ్నింపవచ్చును. స్పెన్సరు యజమాని తెల్లదొర, వానిని బహిష్కరింపవచ్చును. నేటి విపణికి యజమానులు షేరుపత్రముల రూపమున దేశదేశముల చెదరియున్నారు. విదేశధనము వచ్చుట పాపమని మేము వాదింపము. మన ధనికులును విదేశములలో మదుపు పెట్టుచున్నారు. కాని ఒక నగరప్రజలు కాలక్షేపము చేయు స్థలము, వారు కలిసికొను స్థలము, వారి పిల్లలు ఆడుకొను స్థలము లాభనష్టముల పట్టికలో నొక పంక్తియైనప్పుడు, ఆ పంక్తి నష్టము చూపిన దినమున ఏమి జరుగునను ప్రశ్న వేయుట తప్పు కాదు.

ఆ దినమున ఏమి జరుగునో అమెరికా చూపుచున్నది. ఒహాయో రాష్ట్రమున క్లీవులాండు నగరము చెంత నార్తు రాండాలు అను చిన్నగ్రామము గలదు. 1976లో అచ్చట రాండాలు పార్కు మాలును కట్టి, ప్రపంచమునందెల్ల పెద్దదని చాటిరి. క్లీవులాండు జనసంఖ్య 1950లో 9,14,808 ఉండగా 2020 నాటికి 3,72,624కు దిగజారినది. కొనువారు తగ్గినచోట అంగడి నిలుచుటెట్లు? 2009లో ఆ మాలు మూతబడెను, 2014 చివర కూల్చుట ప్రారంభించిరి, 2018లో ఆ తావున అమెజాను సంస్థవారి గిడ్డంగి వెలసినది. అంగళ్లను నిర్జీవము చేసిన వర్తకమే వాని స్మశానమును తన సరకుల కొట్టుగా మార్చుకొన్నది. అదే అమెజాను 2019లో హైదరాబాదునందు ప్రపంచములో తనకు గల కార్యాలయ భవనములలో నెల్ల పెద్దదానిని ప్రారంభించెను. వేలకొలది మన యువకులకు అది జీవనోపాధి కల్పించినదను సంగతిని మఱచి మాటలాడుట న్యాయము కాదు. ఒకేచేయి ఇచ్చుచున్నది, ఒకేచేయి తీసికొనుచున్నది.

చెన్నపురిలో అన్ని విపణులును చచ్చిపోయినవని తలంపవలదు. త్యాగరాయనగరమున రంగనాథన్ వీథికి పండుగదినములలో పోయినవానికి విపణి జీవించియున్నదో లేదో సందేహము కలుగదు. అచ్చట చల్లనిగాలి లేదు, కాలు మోపుటకు చోటు లేదు. జనమునకు కొఱత లేదు. అదే నగరభాగమున పాండీబజారులో 2019లో నడకదారిని విశాలముగా నిర్మించిరి. కూర్చుండుటకు అరుగులు, పిల్లలకు ఆటవస్తువులు వీథిలోనే యేర్పడినవి. ఏమియు కొనక గంటసేపు కూర్చున్నను పొమ్మనువారు లేరు. అయితే ఆ బజారులో దశాబ్దములుగా నమ్ముకొని బ్రతికిన వీథివర్తకులను అంతకు ముందే, 2013లో, వేఱు కట్టడములోనికి పంపిరి. మఱుచటి యేడు పార్లమెంటు వీథివర్తకుల రక్షణకై చట్టము చేసినది. చట్టము రెండడుగులు వెనుక నడచుట మన దేశమున క్రొత్త కాదు.

ఈ చరిత్ర మన నగరములకు దూరమైనది కాదు. హైదరాబాదున 1935లో నిర్మింపబడిన మొజంజాహీ మార్కెట్టు చిరకాలము ఉపేక్షకు లోనైనను, 2020లో జీర్ణోద్ధరణము పొంది తిరిగి కాంతివంతమైనది. కూల్చకయే బాగుచేయవచ్చునని అది ఋజువు చేసినది. విజయవాడయందు స్వాతంత్ర్యయోధులు అయ్యదేవర కాళేశ్వరరావుగారి పేర నున్న మార్కెట్టు గలదు. ఈ రెండింటికిని ప్రజాసంఘమే పోషకురాలు. ఇదే సమయమున రెండు రాష్ట్రములయందును మాళ్లు వర్షాకాలపు పుట్టగొడుగులవలె లేచుచున్నవి. వీనిలో ఎన్ని ముప్పదియేండ్లు జీవించునో చెప్పగల జ్యోతిష్కుడు లేడు. కట్టుటకు అనుమతి యిచ్చునప్పుడు పురపాలకులు నీటివసతియు, అగ్నిభయమును, మోటారుల చోటును విచారింతురు. మూతబడినపిదప ఆ కట్టడము నేమి చేయవలయును, ఎంతకాలము ఖాళీగా నుంచవచ్చును, కొట్లను ముక్కలుగా అమ్మినచో ఉమ్మడి మరమ్మతుల భారము నెవరు వహింపవలయును అను మూడు ప్రశ్నలకు సమాధానము అనుమతిపత్రముననే వ్రాయించుట అసాధ్యమైన పని కాదు. స్పెన్సరు ప్లాజాను కట్టిన దినముననే ఈ మూడవ ప్రశ్నను అడిగియుండినచో నేటి దుస్థితి చాలవఱకు తప్పియుండును.

స్పెన్సరు ప్లాజాను గూర్చి మా యభిప్రాయమును స్పష్టముగా చెప్పుదుము. దానిని కూల్చుటకు తొందరపడరాదు. లోపల కొట్లు గలవారు వందలకొలది. వారిలో పలువురు తమ జీవితార్జితమును అందు పెట్టినవారు. ఏదో యొక పెద్దసంస్థ వచ్చి చిల్లరవెలకు అందఱివద్ద కొనివేయువఱకు వారిని నీరసింపజేయుట న్యాయము కాదు. యజమానులందఱును సహకారసంఘముగా నేర్పడి, ఉమ్మడి ఖర్చునకు కట్టుబడినచో, నగరపాలకసంఘము ఖాళీ యంతస్తులలో గ్రంథాలయమునో, చేతిపనుల శిక్షణాలయమునో, మూరు మార్కెట్టుతో చెదరిపోయిన పాతపుస్తకముల వర్తకులకు చోటునో అద్దెకు తీసికొని నడపవచ్చును. సర్కారు కార్యాలయములు ప్రైవేటు భవనములలో అద్దెకుండుట కొత్త కాదు కదా. 2019 ఫిబ్రవరినుండి దానికి కూతవేటు దూరమున భూగర్భ రైలు స్టేషను నడచుచున్నది. జనము వచ్చుటకు దారి సిద్ధముగనే యున్నది. వచ్చినవారికి తెఱచిన తలుపు కావలయును.